పాలమూరు నుంచి అండమాన్‌కు: పడవ వేళలను బట్టి ప్రయాణం

బయలుదేరే ముందు

అండమాన్ వెళ్లాలనుకునేవారు సాధారణంగా విమానం ధర చూసి తేదీలు ఖాయం చేసుకుంటారు. తర్వాత గదులు వెతుకుతారు. పడవల సంగతి అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చులే అనుకుంటారు. ఈ వరుసను తిరగవేయాలన్నది నా గట్టి అభిప్రాయం. దీవుల మధ్య మనల్ని తిప్పేది పడవ, ఆ పడవ కదలాలా వద్దా అని నిర్ణయించేది సముద్రం. ఆ రెండింటి వేళలూ ముందు కాగితం మీద రాసుకుని, మిగిలినవన్నీ వాటి చుట్టూ అమర్చుకోవాలి. రైలు తప్పితే బస్సు, బస్సు తప్పితే జీపు అనే ధైర్యంతో పెరిగిన మన మెట్ట ప్రాంతం వాళ్లకు ఈ సంగతి మొదట్లో ఒక పట్టాన ఎక్కదు.

బయలుదేరింది నలుగురం: నేను, మా ఆయన, ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి, అత్తమ్మ. అత్తమ్మ పుట్టిల్లు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఎముకల్లోకి దిగిన తరం వారిది. మోకాళ్లు పూర్తిగా వంగవు, మెట్లు దిగాలంటే పక్కన మనిషి ఉండాలి. "నన్నెందుకు బిడ్డా, మీరు వెళ్లి రండి" అన్నారు. "మీరు రాకపోతే ఎవ్వరం వెళ్లం అత్తమ్మా" అన్నాను. ఆ తర్వాత మా ప్రణాళిక అంతా ఆవిడ మోకాళ్లను బట్టే సాగింది. రోజుకు ఒకే పెద్ద పని, వీలైన చోట రెండు రాత్రులు, తిరుగు విమానానికి ముందు ఖాళీగా ఒక రోజు. పెద్దవాళ్ల కోసం వేసుకున్న ఈ లెక్కే అందరికీ సరైన లెక్క అని అక్కడికి వెళ్లాక అర్థమైంది.

కాలం గురించి. నైరుతి రుతుపవనాలు మే నెలలోనే అండమాన్‌ను తాకుతాయి. ఏడాదికి అక్కడ పడే వాన సుమారు 3,000 మిల్లీమీటర్లు. పాలమూరులో అందులో నాలుగో వంతు కూడా పడదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల భయం ఉంటుంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో జనమూ ఎక్కువ, ధరలూ ఎక్కువ. జనవరి మధ్య నుంచి ఏప్రిల్ వరకు సముద్రం చాలావరకు నెమ్మదిగా ఉంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి. మేము సంక్రాంతి పండుగ అయ్యాక బయలుదేరాం.

అక్కడ దీవులు, దిబ్బలు, రాతి గుట్టలు అన్నీ కలిపి 836 అని లెక్క. మనుషులు ఉండేవి 30 పైచిలుకు మాత్రమే. నికోబార్ దీవులకు పర్యాటకులను అనుమతించరు. మొదటిసారి వెళ్లేవారికి మూడు దీవులు చాలు: పోర్ట్ బ్లెయిర్ ఉన్న దక్షిణ అండమాన్, హావ్‌లాక్, నీల్. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని చేర్చుకుంటూ పోతే రేవుల్లో వరుసల్లో నిలబడటమే మిగులుతుంది. ఈ దీవులకు భారతీయులు ప్రత్యేక అనుమతి తీసుకోనక్కర లేదు. కానీ ప్రతి పడవ దగ్గరా గుర్తింపు కార్డు అడుగుతారు. టికెట్ మీద పేరు కార్డులో ఉన్నట్టే ఉండాలి. అత్తమ్మ ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, ఓటరు కార్డులో లేదు. అందుకే అన్ని టికెట్లూ ఆధార్ ప్రకారమే చేయించాం.

మనకు దగ్గరలో ఉన్న దీవి నాగార్జునకొండ. వెళ్లే ముందు ఒక ఆదివారం సాగర్ నుంచి లాంచీలో అక్కడికి వెళ్లి వచ్చాం. కృష్ణ నీళ్లకు, సముద్రానికి పోలిక లేదు. అయినా పలక మీద నడిచి పడవ ఎక్కడం, లైఫ్ జాకెట్ కట్టుకోవడం, పడవ ఊగుతుంటే ఏం పట్టుకోవాలో తెలుసుకోవడం రెండు చోట్లా ఒకటే. అత్తమ్మకు భయం పోయింది అక్కడే. సోమశిల రేవులో పడవ ఎక్కినా ఇదే ఉపయోగం. పెద్దవాళ్లను తీసుకెళ్లే ప్రతి ఇంటికీ ఈ పని చేయమని చెబుతాను.

సామాను విషయంలో రెండు మాటలు. దేశీయ విమానాల్లో మామూలు టికెట్‌కు పెట్టెకు 15 కిలోలు, చేతి సంచికి 7 కిలోలు అనుమతిస్తారు. మామిడి తొక్కు, నూనె కారే పొడులు చేతి సంచిలో ఒప్పుకోరు, పెట్టెలోనే పెట్టాలి. కుడుకలు మాత్రం పెట్టెలో పెట్టకూడదు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, వేడికి తనంతట తానే అంటుకునే ప్రమాదం ఉందని దాన్ని నిషేధించారు. మేము కటక రొట్టెలు (గట్టిగా ఎండిన జొన్న రొట్టెలు), పల్లి పొడి, తొక్కు పెట్టుకున్నాం. పడవ దిగాక కడుపులో తిప్పుతున్నవాళ్లకు కటక రొట్టెను మించిన ఆహారం లేదు.

మొదటి రోజు: శంషాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్

పాలమూరు వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. విమానాశ్రయం మనవైపే ఉంది. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా జాతీయ రహదారి నేరుగా తీసుకెళుతుంది, హైదరాబాద్ రద్దీలో దూరే పనే లేదు. దేవరకొండ, మాల్ వైపు నుంచి వచ్చేవారు ఇబ్రహీంపట్నం దాటాక ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే సరిపోతుంది. అత్తమ్మ కోసం చక్రాల కుర్చీ కావాలని టికెట్ తీసుకునేటప్పుడే రాయించాం. దానికి డబ్బు తీసుకోలేదు. అడగడానికి మొహమాటపడే కుటుంబాలు చాలా ఉన్నాయి. దయచేసి అడగండి. ఆ పెద్ద భవనంలో నడిచే దూరం తక్కువేమీ కాదు.

మాకు నేరుగా వెళ్లే విమానం దొరికింది, సుమారు రెండున్నర గంటలు. అది కుదరనివారు చెన్నై మీదుగా వెళ్లవచ్చు. చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా రేవుల నుంచి ఓడలూ ఉన్నాయి గానీ రెండున్నర, మూడు రోజులు పడుతుంది, రోజూ ఉండవు. వయసులో ఉన్నవాళ్లకు అది గొప్ప అనుభవం కావచ్చు. మాకు కుదరదు.

పోర్ట్ బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చారు. మాటల్లో పాత పేరే ఎక్కువగా వినిపిస్తుంది, వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. దిగగానే మొదట గమనించవలసింది పొద్దు. గడియారం మనదే, సూర్యుడు మాత్రం దాదాపు గంట ముందు ఉంటాడు. జనవరిలో సాయంత్రం ఐదు దాటిన కాసేపటికే చీకటి పడుతుంది. చూడవలసిన చోట్లు, చిన్న పడవలు అన్నీ అందుకు తగ్గట్టే త్వరగా ముగుస్తాయి. "భోంచేసి, కాసేపు పడుకుని, నాలుగింటికి బయలుదేరదాం" అనే మన అలవాటు అక్కడ పనికిరాదు. తెల్లవారుజామున లేవగలిగినవారికే రోజంతా దక్కుతుంది.

మధ్యాహ్నం సెల్యులార్ జైలుకు వెళ్లాం. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. నడుమ బురుజు, దాని చుట్టూ ఏడు వరుసలు, మొత్తం 693 గదులు. ఒక గదిలోని మనిషి ఇంకొకరి ముఖం చూడకుండా ఉండాలన్నదే ఆ కట్టడం వెనక ఆలోచన. ఇప్పుడు మూడు వరుసలే మిగిలాయి. మనుషులను ఎడ్లకు బదులుగా గానుగకు కట్టి కొబ్బరి నూనె తీయించిన చోటును చూపిస్తారు. అత్తమ్మ కింది అంతస్తులోనే ఒక గదిలోకి వెళ్లి, చేయి చాచి గోడను తాకి, చాలాసేపు మాట్లాడలేదు. మెట్లు ఎక్కలేనివారు కింది అంతస్తు చూసినా ఆ చోటు బరువు తెలుస్తుంది, వెలితి ఏమీ ఉండదు. సాయంత్రం వెలుగు, ధ్వని ప్రదర్శన తప్పక చూడండి. టికెట్ ముందే తీసుకోండి.

ఆ చరిత్రలో మనవాళ్లూ ఉన్నారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఇక్కడ శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. అంతకు చాలా ముందు, 1857 జులై 17న హైదరాబాద్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను పట్టుకుని అండమాన్‌కే పంపారు. అప్పటికి ఈ జైలు లేదు, దీవే జైలు. ఇది మా అబ్బాయికి చెప్పినప్పుడు వాడు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది: "మరి హావ్‌లాక్, నీల్ ఎవరు?" ఆ 1857 తిరుగుబాటును అణచిన సైన్యాధికారులు. మన ప్రాంతం వాడు ఖైదీగా చచ్చేదాకా ఉన్న సముద్రంలో దీవులకు అణచినవాళ్ల పేర్లు. 2018 డిసెంబరులో హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ను షహీద్ ద్వీప్ అని మార్చారు. ఆ మార్పు సరైనదే. అయితే పడవ టికెట్లలో, హోటళ్ల పేర్లలో పాత పేర్లు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి దారి తప్పకుండా ఉండటానికే ఇక్కడ వాటిని రాస్తున్నాను.

రెండో రోజు: హావ్‌లాక్

దీవుల మధ్య రెండు రకాల పడవలు తిరుగుతాయి. ప్రభుత్వ పడవలు చౌక, ఫీనిక్స్ బే రేవు నుంచి బయలుదేరతాయి, పైకి వెళ్లి గాలికి నిలబడవచ్చు. కానీ దీవుల్లో ఉండేవాళ్లకు అదే బస్సు, అదే అంబులెన్సు, అదే సంతబండి. పండుగ రోజుల్లో టికెట్లు దొరకడం కష్టం. ప్రైవేటు పడవలు వేగంగా వెళ్తాయి, లోపల ఏసీ ఉంటుంది, ఒక్కో ప్రయాణానికి మనిషికి వెయ్యి నుంచి రెండు వేల రూపాయల దాకా అవుతుంది. వాటి టికెట్లు ఇంటి నుంచే తీసుకోవచ్చు. అత్తమ్మ మోకాళ్ల కోసం మేము వెళ్లేటప్పుడు ప్రైవేటు పడవనే ఎంచుకున్నాం. ఎక్కే పలక వెడల్పుగా ఉంది, ఇద్దరు సిబ్బంది చెరో చేయి పట్టుకున్నారు.

వాంతుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సముద్రం ఎరుగని వాళ్లకు ప్రయాణం చెడేది దీనివల్లే. మాత్ర ఏది వేసుకోవాలో బయలుదేరే ముందే మీ డాక్టరును అడగండి, బీపీ, షుగరు మందులు వాడేవారు మరీ ముఖ్యంగా. పడవ కదలడానికి అరగంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. ఖాళీ కడుపుతో ఎక్కకూడదు, కడుపు నిండా తినీ ఎక్కకూడదు. ముందు వరుసలో కూర్చోవాలని అందరూ పోటీపడతారు గానీ కుదుపు ఎక్కువ అక్కడే. మధ్యలో, కింది అంతస్తులో సీట్లు అడగండి. ఫోను చూడకుండా దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ ఉండాలి. అత్తమ్మకు ఏమీ కాలేదు. ఫోనులో ఆట ఆడుతూ కూర్చున్న మా అబ్బాయి మాత్రం సగం దారిలో ఆట ఆపేసి నా ఒళ్లో తల పెట్టుకున్నాడు.

సుమారు 40 కిలోమీటర్ల దూరం, రెండు గంటలలోపే చేరాం. రేవు నుంచి రాధానగర్ తీరం 12 కిలోమీటర్ల దాకా ఉంటుంది, దీవికి అవతలి వైపు. రేవు దగ్గర ఆటోలు, జీపులు ఉంటాయి, ప్రభుత్వ బస్సు కూడా ఉంది. గోవిందనగర్, విజయనగర్ వైపు గది తీసుకుంటే బజారు దగ్గర. రాధానగర్‌కు పొద్దు వాలే ముందు వెళ్లాలి. తీరం పడమటి వైపు ఉంది కాబట్టి సూర్యుడు నీళ్లలోకే దిగుతాడు.

రాధానగర్ గురించి ఎంత చెప్పినా తక్కువే. పెద్ద పెద్ద చెట్ల అడవి నేరుగా ఇసుక దాకా వస్తుంది. ఇసుక సన్నగా ఉన్నా గట్టిగా పరుచుకుని ఉంటుంది, అందుకే మోకాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లూ నడవగలరు. పరిశుభ్రతకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో దక్కింది. అలలు లోతు లేని చోట నెమ్మదిగా వస్తాయి. అత్తమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, మా ఆయన భుజం మీద చేయి వేసి, పాదాలు మునిగేదాకా వెళ్లారు. కొంచెం నీళ్లు పుడిసిట పట్టి నాలుకకు ఆనించుకుని, "ఇన్ని నీళ్లుండి ఒక్క చుక్క తాగడానికి లేదు" అన్నారు. ఫ్లోరైడు నీళ్లు తప్ప వేరే దిక్కులేని ఊళ్లో పెరిగిన మనిషి ఆ మాట అంటే నాకు గొంతు పట్టుకుంది. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా ఆవిడ మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇక్కడ వీళ్లకు తాగే నీళ్లు ఎక్కడివి?"

జాగ్రత్త ఒకటి. అండమాన్ వాగుల్లో, మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. హెచ్చరిక బోర్డులు ఉన్న చోట, వాగు సముద్రంలో కలిసే చోట నీళ్లలోకి దిగకూడదు. కాపలా సిబ్బంది ఈల వేస్తే వెంటనే బయటికి రావాలి, వాదించకూడదు.

మూడో రోజు: ఎలిఫెంట్ బీచ్, కాలాపత్తర్

ఈ రోజు ఇద్దరిద్దరుగా విడిపోయాం. కుటుంబమంతా అన్ని చోట్లకూ కలిసే తిరగాలన్న పట్టుదల పెట్టుకోకండి. మా ఆయన, అబ్బాయి పొద్దున్నే చిన్న పడవలో ఎలిఫెంట్ బీచ్‌కు వెళ్లారు. అక్కడ ముఖానికి అద్దం, నోటికి గొట్టం పెట్టుకుని తల నీళ్లలో ముంచి పగడాలను చూస్తారు. ఈత రానివాళ్లకు రబ్బరు చక్రం ఇచ్చి పక్కన మనిషి ఉంటాడు. మన వైపు పిల్లల్లో చాలామందికి ఈత రాదు, భయపడనక్కర లేదు. నీళ్లలో నిలబడాల్సి వస్తే పగడాల మీద కాలు పెట్టకూడదు. అవి రాళ్లు కావు, ప్రాణులు. ఒక మడమ తొక్కిడికి విరిగిన కొమ్మ మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి. ఆ దెబ్బ నుంచి తేరుకుంటున్నవాటికి మన కాళ్ల బరువు కూడా తోడు కాకూడదు.

గాలి సిలిండరు కట్టుకుని లోతుకు దిగే స్కూబా చేయాలనుకునేవారు తేదీ చూసుకోండి. దిగాక విమానం ఎక్కడానికి కనీసం 18 నుంచి 24 గంటలు గడవాలి. లోతులో ఒత్తిడికి ఒంట్లో కరిగిన నత్రజని, విమానంలో ఒత్తిడి తగ్గినప్పుడు బుడగలై ప్రమాదం తెస్తుంది. అందుకే స్కూబాను యాత్ర చివరి రోజుకు పెట్టుకోకూడదు.

నేను, అత్తమ్మ ఆటోలో కాలాపత్తర్ వెళ్లాం. తూర్పు తీరం, నల్ల రాళ్లు, రోడ్డు పక్కనే సముద్రం, దిగే మెట్లే లేవు. కొబ్బరి బొండాలు అమ్మే ఆవిడ దగ్గర కూర్చుని మధ్యాహ్నం దాకా గడిపాం. సాయంత్రం ఇసుక ఈగలు కుడతాయి. కనిపించవు గానీ దురద వారం దాకా వదలదు. కాళ్లకు కొబ్బరి నూనె పట్టించుకుంటే కొంత నయం.

నాలుగో రోజు: నీల్

హావ్‌లాక్ నుంచి నీల్‌కు గంట ప్రయాణం. ఇక్కడి తీరాల పేర్లు భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలు స్థిరపడ్డ దీవి. వరి, కూరగాయలు, అరటి పండుతాయి. పొలం గట్లు కనపడగానే అత్తమ్మ హుషారుగా లేచి కూర్చున్నారు.

నీల్‌లో ఏం చూడాలన్నా ఆటుపోట్ల పట్టిక చేతిలో ఉండాలి. సముద్రం రోజుకు రెండుసార్లు పోటు మీద, రెండుసార్లు ఆటు మీద ఉంటుంది. వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు జరుగుతూ పోతాయి. అమావాస్య, పున్నములకు తేడా ఎక్కువ. లక్ష్మణ్‌పూర్ రెండో తీరంలో అలలు తొలిచిన రాతి వంతెన ఉంది. ఆటు మీదే దాని కిందికి నడవగలం. నీళ్లు వెనక్కి పోయినప్పుడు గుంటల్లో చిన్న చేపలు, పీతలు, సముద్ర దోసకాయలు అనే ప్రాణులు చిక్కుకుని కనపడతాయి. పోటు వేళకు వెళ్తే దూరం నుంచి చూసి వెనక్కి రావడమే. పోర్ట్ బ్లెయిర్ ఆటుపోట్ల వేళలు ఫోనులో దొరుకుతాయి. దించుకుని రాసిపెట్టుకోండి, నీల్‌లో సిగ్నలు అన్ని చోట్లా నమ్మకంగా ఉండదు. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలైనప్పటి నుంచి పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటర్నెట్ బాగుపడింది. చిన్న దీవుల్లో నగదు దగ్గర ఉంచుకోవడమే క్షేమం.

వంతెనకు వెళ్లే దారి పాచి పట్టిన రాళ్ల మీదుగా ఉంటుంది. మోకాళ్లు నొప్పులున్నవారిని తీసుకెళ్లవద్దు. అత్తమ్మ రేవుకు దగ్గరలోని భరత్‌పూర్ తీరంలో చెట్టు నీడన కూర్చున్నారు. అడుగున అద్దం ఉన్న పడవ ఎక్కించాలనుకున్నాం గానీ మోకాలి లోతు నీళ్లలోంచి ఎక్కాలి. పడవ నడిపే అతను ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆవిడను కూర్చోబెట్టి, ఇంకొకరి సాయంతో కుర్చీతో సహా ఎత్తి పడవలో దించాడు. అద్దంలోంచి పగడాలు, చారల చేపలు కనిపించాయి. కొడుకు, మనవడు ముందురోజు చెప్పినవన్నీ తన కళ్లతో చూశారు.

ఐదో రోజు: పడవలు లేని రోజు

పొద్దున్నే గాలి మారింది. అల్పపీడనం కారణంగా ఆ రోజు పడవలన్నీ రద్దు చేశారు. రేవు దగ్గర కొన్ని కుటుంబాలు కంగారుపడుతున్నాయి, వాళ్లకు మర్నాడు ఉదయమే విమానం. పిల్లలను పట్టుకుని ఫోన్లు చేస్తూ తిరుగుతున్న ఒక తల్లిని చూస్తే జాలేసింది. మా పట్టికలో విమానానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంది. ఆ రోజే ఇలా ఖర్చయింది. ఖాళీ రోజు దండగ అనేవారికి నా జవాబు ఇదే. వీలైతే దూరపు దీవులు ముందు చూసి, చివరి రాత్రి తప్పకుండా పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేలా చూసుకోండి. పడవ సంస్థ రద్దు చేస్తే టికెట్ డబ్బు తిరిగి వస్తుంది గానీ విమానం మన కోసం ఆగదు.

మేము ఉన్న ఇంటి యజమానిది తాతగారి కాలంలో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. అత్తమ్మ తన ప్రశ్న అడిగారు, నేను హిందీలో చెప్పాను. ఆయన పెరట్లోకి తీసుకెళ్లి బావి చూపించారు, కప్పు మీది వాన నీళ్లు దిగే తొట్టి చూపించారు. మూడు మీటర్ల వాన పడే చోట కూడా ఎండాకాలంలో మంచినీళ్లకు ఇబ్బందే. నేల చిన్నది, కురిసిందంతా సముద్రంలోకి జారిపోతుంది, బావిని మరీ తోడితే ఉప్పునీరు ఊరుతుంది. పోర్ట్ బ్లెయిర్ నగరం ధనిఖరి ఆనకట్ట మీద ఆధారపడింది. అక్కడా వేసవిలో రోజు విడిచి రోజు నీళ్లు వచ్చే సందర్భాలు ఉన్నాయి. ఇది విన్నాక అత్తమ్మ మా అబ్బాయిని పిలిచి, తీరం నుంచి రాగానే షవర్ కింద అరగంట నిలబడటం మానేసి బకెట్టుతో స్నానం చేయమన్నారు. వాడు మారు మాట్లాడలేదు. అండమాన్ వెళ్లే ప్రతివారికీ ఇదే నా మనవి. ముఖ్యంగా నీళ్ల ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టిన జ్ఞాపకం ఉన్న నల్గొండ, పాలమూరు వాళ్లకు ఇది వేరుగా చెప్పనక్కర లేదు.

ఆరో రోజు: తిరిగి పోర్ట్ బ్లెయిర్

గాలి తగ్గింది. ఈసారి ప్రభుత్వ పడవ దొరికింది. మధ్యాహ్నానికి చేరి, నేరుగా రాస్ దీవికి వెళ్లాం. ఇప్పుడు దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. వారానికి ఒకరోజు సెలవు ఉంటుంది, ముందే కనుక్కోండి. ఒకప్పుడు ఇది బ్రిటిష్ వాళ్ల ముఖ్య స్థావరం. 1941 భూకంపం, మరుసటి ఏడాది జపాన్ ఆక్రమణ తర్వాత పాడుబడింది. చర్చి గోడలను, బంగళాలను మర్రి జాతి వేళ్లు చుట్టి పట్టుకున్నాయి. పాలమూరు దగ్గరి పిల్లలమర్రి మహావృక్షం నీడలో పెరిగిన మా అబ్బాయికి కూడా ఆ వేళ్ల బలం ఆశ్చర్యం కలిగించింది. బ్యాటరీ బండ్లు ఉన్నాయి కాబట్టి నడవలేనివాళ్లూ దీవంతా చూడవచ్చు.

చాలామంది ఈ రోజును బారాటాంగ్ దీవిలోని సున్నపురాతి గుహలకు కేటాయిస్తారు. దారి జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా వెళుతుంది. జిర్కాటాంగ్ నుంచి వాహనాలను నిర్ణీత వేళల్లో వరుసగా పంపుతారు, ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. చట్టం అంత గట్టిగా ఉన్నా, మనుషులను చూడటానికే ఆ దారిన వెళ్లే ప్రయాణికులు ఉన్నారు. నాకు అది సమ్మతం కాదు. గుహలు ఎంత బాగున్నా వేరొకరి ఇంటి నడుమ నుంచి వెళ్లవలసి వస్తే మానుకుంటాను. మా ఆయన కూడా అదే అన్నారు. నల్లమల చెంచుల గూడేలకు దగ్గరలో ఉండే మనకు, అడవిలో మనుషులను వింతగా చూడటం ఎంత బాధ పెడుతుందో తెలియనిది కాదు.

సాయంత్రం జంగ్లీఘాట్ వెళ్లాం. చేపల రేవు. చుట్టూ తెలుగే. అండమాన్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 2011 జనాభా లెక్కల్లో సుమారు 13 శాతం, ఎక్కువమంది మూలాలు ఉత్తరాంధ్రలో. చేపలు అమ్ముతున్న ఒకావిడ మమ్మల్ని చూసి, "మీది ఏ ఊరు పెద్దమ్మా?" అని అత్తమ్మను పలకరించారు. పాలమూరు అనగానే, తన మరిది హైదరాబాద్‌లో మేస్త్రీ పని చేస్తాడని చెప్పారు. ఊళ్లు విడిచి పనికోసం పోయే బతుకుల గురించి ఇద్దరూ నిలబడే చాలాసేపు మాట్లాడుకున్నారు. హిందీ రాని పెద్దవాళ్లను తీసుకెళ్లడానికి సందేహించేవారికి చెబుతున్నాను. పోర్ట్ బ్లెయిర్ బజార్లో తెలుగు వచ్చినవారు ఎవరో ఒకరు దొరుకుతారు.

ఏడో రోజు: తిరుగు ప్రయాణం

గది ఖాళీ చేసే ముందు నలుగురి సంచులూ విప్పి ఇసుక దులిపి, తీరంలో ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు ఉన్నాయేమో చూశాను. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, చచ్చిన ముక్క అయినా తీసుకెళ్లకూడదు. విమానాశ్రయంలో తనిఖీ ఉంటుంది. గవ్వల వస్తువులు కావాలంటే ప్రభుత్వ ఎంపోరియంలో కొని, బిల్లు చేతి సంచిలో పెట్టుకోండి. అబ్బాయి పాత ఎర్ర 20 రూపాయల నోటు ఒకటి జాగ్రత్తగా దాచుకున్నాడు. దాని వెనక ఉన్న కొబ్బరి చెట్ల బొమ్మ ఇక్కడిదే, మౌంట్ హారియట్ (ఇప్పుడు మౌంట్ మణిపూర్) నుంచి నార్త్ బే వైపు కనపడే దృశ్యం. ఆ కొండ ఎక్కడానికి ఈసారి వేళ కుదరలేదు.

మధ్యాహ్నానికి శంషాబాద్‌లో దిగాం. షాద్‌నగర్ దాటకముందే నల్గొండ నుంచి వదిన ఫోను చేశారు. వాళ్ల అత్తగారికీ మోకాళ్ల నొప్పులే. "పెద్దావిడ తిరగగలరా?" అని అడిగారు. ఫోను అత్తమ్మకే ఇచ్చాను. "రోజుకు ఒక్క చోటే చూపించమను, మధ్యాహ్నం పడుకోనివ్వమను, పడవలో నడుమ కూర్చోబెట్టమను" అన్నారు ఆవిడ. వదిన వాళ్లు మార్చిలో వెళ్తారట. తేదీలు ఖాయం చేసుకునే ముందు నాకు పంపమన్నాను. ఆ వారం ఆటుపోట్ల పట్టిక చూసి, నీల్‌లో వంతెన దగ్గరికి పగటిపూట ఏ రోజు నడవవచ్చో చెబుతాను. దాన్ని బట్టి పడవలు, పడవలను బట్టి విమానం.